ప్రత్యామ్నాయ ఆర్థికశాస్త్రం: బస్తర్ సంత చెప్పే లెక్క

'ప్రత్యామ్నాయ ఆర్థికశాస్త్రం' పేరుతో జరిగే ఉపన్యాసాలకు, సదస్సులకు బ్యాంకు ఉద్యోగులు వెళ్లడం అరుదు. వెళ్లినా "వినడానికి బాగానే ఉంది, మన శాఖకు దీనితో పనేముంది?" అనుకుంటూ తిరిగి వస్తారు. నిజానికి అక్కడ చర్చకు వచ్చే ప్రశ్నలు మన లెడ్జర్‌కు చాలా దగ్గరివి. అదెలాగో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వారపు సంత ఉదాహరణతో చూద్దాం.

ఈ ఆలోచన ఎక్కడిది?

మన దేశంలో దీనికి పునాది వేసినవారిలో జె.సి. కుమారప్ప ముఖ్యులు. ఆయన వృత్తిరీత్యా ఆడిటర్. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ ఆదాయ వ్యయాల గురించి చదివారు. 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని గాంధీజీ మార్గదర్శకత్వంలో నడిపారు. వాడితే తరిగిపోయే నిల్వ మీద ఆధారపడే ఆర్థిక వ్యవస్థ వేరు, ఏటా మళ్లీ వచ్చే ప్రవాహం మీద ఆధారపడేది వేరు అని ఆయన విడదీసి చూపారు. బస్తర్ ప్రాంతంలో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. బైలదిల్లా కొండల్లో తవ్వి తీసిన ఇనుప ఖనిజం మళ్లీ పుట్టదు. అడవి అంచున ఉన్న చింతచెట్టు వచ్చే ఏడాదీ కాస్తుంది.

బ్రిటన్ జాతీయ బొగ్గు బోర్డులో ఇరవై ఏళ్లు ఆర్థికవేత్తగా పనిచేసిన షూమాకర్ 1973లో 'స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్' పుస్తకం ప్రచురించారు. 1984లో లండన్‌లో సంపన్న దేశాల అధినేతల సమావేశం జరిగినప్పుడు, దానికి పోటీగా 'మరో ఆర్థిక సదస్సు' జరిగింది. ఊరి ఉమ్మడి వనరులను ఊరివాళ్లే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని నిరూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మన తెలుగు నేలపై 2014లో అనంతపురం జిల్లాలోని టింబక్టు కలెక్టివ్‌లో మొదటి 'వికల్ప్ సంగమ్' జరిగింది. దేశంలో ఇలాంటి ప్రయత్నాలు చేస్తున్నవారు ఒకచోట కూర్చుని మాట్లాడుకున్న వేదిక అది.

వీరందరి ప్రశ్న దాదాపు ఒకటే: ఎంత డబ్బు చేతులు మారిందన్నది కాదు, ఇంట్లో ఎంత నిలిచింది?

సంతలో ఏం జరుగుతుంది?

వేసవి వస్తే బస్తర్ సంతలకు ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు గంపల్లో దిగుతాయి. కోచియా అని పిలిచే చిన్న వ్యాపారి తూకం వేసి అక్కడికక్కడే డబ్బు ఇస్తాడు. అందరూ ఒకేసారి తెస్తారు కనుక ధర తక్కువ. వానాకాలం వచ్చేసరికి అదే ఇప్పపువ్వును అదే కుటుంబాలు ఎక్కువ ధరకు కొనుక్కోవడం అక్కడ మామూలే.

ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం. ఒక కుటుంబం ఏప్రిల్‌లో 100 కిలోల ఇప్పపువ్వు కిలో రూ.30 చొప్పున అమ్మి రూ.3,000 తెచ్చుకుంది. ఆగస్టులో ఇంటి అవసరానికి 40 కిలోలు రూ.45 చొప్పున కొని రూ.1,800 ఖర్చు పెట్టింది. మిగిలింది రూ.1,200. మొదటే 40 కిలోలు ఉంచుకుని 60 కిలోలే అమ్మి ఉంటే చేతిలో రూ.1,800 ఉండేది.

ఈ డబ్బంతా మన ఖాతాలోనే నడిచిందనుకుందాం. మొదటి దారిలో జమ రూ.3,000, రెండో దారిలో రూ.1,800. మన టర్నోవర్ నివేదికలో మొదటి ఖాతానే చురుగ్గా కనిపిస్తుంది. ఇంటికి మాత్రం రూ.600 నష్టం!

మరి ఎందుకు ఉంచుకోలేదు? తెలియక కాదు. కోచియా దగ్గర పాత బాకీ ఉంటుంది, ఆసుపత్రి ఖర్చు ఉంటుంది, పిల్లల చదువు ఉంటుంది. తేమ తగిలితే పువ్వు పాడవుతుంది, పొడిగా దాచే చోటు ఉండదు. అంటే కొరత తెలివిది కాదు. నాలుగు నెలలు ఓపిక పట్టే స్తోమతది.

జరిగిన ప్రయత్నాలు

1956లోనే ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తుల కొనుగోలు కోసం ఏర్పడింది. బస్తర్‌లో 1999 ప్రాంతంలో జిల్లా యంత్రాంగం 'ఇమ్లీ ఆందోళన్' పేరుతో గ్రామ సంఘాల ద్వారా చింతపండు కొనిపించింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్య హక్కును గుర్తించింది. 2013-14 నుంచి వీటికి కనీస మద్దతు ధర పథకం వచ్చింది. 2018 ఏప్రిల్ 14న బస్తర్ ప్రాంతంలోని బీజాపూర్‌లోనే దేశంలో మొదటి వన్‌ధన్ వికాస కేంద్రం ప్రారంభమైంది. గింజ తీసి, శుభ్రం చేసి, ప్యాక్ చేసి అమ్మితే ఆ విలువ ఊళ్లోనే మిగులుతుందన్నది దీని ఉద్దేశం.

ఒక జాగ్రత్త

నగదు లేని పాతకాలమే మంచిదని కొన్ని వేదికలపై వినిపిస్తుంది. దాన్ని ఒప్పుకోలేం. ఉప్పుకు సమాన తూకంలో ఖరీదైన సారపప్పు ఇచ్చిన కథలు బస్తర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వస్తుమార్పిడి అయినంత మాత్రాన అది న్యాయమైన బేరం కాదు. గిరిజన కుటుంబానికి నగదు కావాలి, రుణం కావాలి, ఖాతా కావాలి. అవి ఏ సమయంలో, ఏ రూపంలో అందుతున్నాయన్నదే అసలు విషయం.

మన శాఖ ఏం చేయగలదు?

పై ఉదాహరణకే తిరిగి వెళితే, 40 కిలోలు దాచుకోవాలంటే ఆ ఇంటికి ఏప్రిల్‌లో రూ.1,200 లోటు పడుతుంది. స్వయం సహాయక సంఘం ద్వారా ఆ మొత్తం ఏడాదికి 12 శాతం వడ్డీపై ఇచ్చామనుకున్నా, నాలుగు నెలలకు వడ్డీ రూ.48. ఆగస్టులో రూ.1,800 వెతుక్కోవాల్సిన కుటుంబం రూ.1,248తో గట్టెక్కుతుంది. మిగులు రూ.552.

కనుక అటవీ ప్రాంతాల్లోని శాఖలు మూడు పనులు చేయవచ్చు. సంఘాల రుణ మంజూరు సేకరణ కాలానికి ముందే, అంటే ఫిబ్రవరిలోగా పూర్తి చేయడం. వాయిదాలను ప్రతి నెలా కాకుండా అమ్మకాల కాలానికి తగినట్లు పెట్టడం. సంఘం ఉమ్మడిగా పొడి గిడ్డంగి కట్టుకుంటామంటే ఆ ప్రతిపాదనను శ్రద్ధగా పరిశీలించడం.

ఇది బస్తర్ ఒక్కదాని సంగతి కాదు. పాడేరులో, ఉట్నూరులో, భద్రాచలంలో పనిచేసే మన సహోద్యోగులకూ వర్తిస్తుంది. ఈసారి రుణ దరఖాస్తు పరిశీలించేటప్పుడు ఖాతాలో ఎంత తిరిగిందో చూసిన తర్వాత, అమ్మిన సరుకునే ఆ ఇల్లు మళ్లీ కొంటున్నదా అని ఒక్క మాట అడిగి చూద్దాం. ఎంత రుణం ఇవ్వాలో, ఏ నెలలో ఇవ్వాలో ఆ జవాబులోనే తెలుస్తుంది.