పట్టూ విడుపూ: బరువులెత్తే కొక్కేల కథ

ఇంటింటా నూతినీళ్ళు తోడుకునే రోజుల్లో, వీధికొకరి ఇంట్లోనైనా పాతాళగరిగె ఉండేది. కొన్ని ప్రాంతాల్లో దీన్నే పాతాళభేది అనేవారు. ఇనుప కడియానికి అన్ని వైపులా వేలాడే కొక్కేల గుత్తి అది. చేదతాడు తెగి బిందె నూతిలో పడిపోతే, ఆ గుత్తికి పొడవాటి తాడు కట్టి నీళ్ళలోకి వదిలి, అడుగంతా కెలికేవారు. కంటికి కనబడని బిందె అంచుకు ఏదో ఒక కొక్కెం తగులుకోగానే చేతిలోని తాడు బరువెక్కేది. అక్కడినుండి లాగేవారికి ఒకటే జాగ్రత్త: బిందె గట్టుకు చేరేదాకా తాడు సడలనివ్వకూడదు. తాడు బిగువుగా ఉన్నంతసేపూ బిందె బరువే దాన్ని కొక్కేనికి అదిమిపెట్టి ఉంచుతుంది. చేయి మార్చుకునే తొందరలో తాడు జానెడు సడలితే చాలు, బిందె జారి మళ్ళీ అడుగుకు చేరుతుంది.

బరువులెత్తే యంత్రాల ప్రసక్తి వచ్చినప్పుడు సాధారణంగా దృష్టి క్రేను బలంమీదా, తాడు మందంమీదా నిలుస్తుంది. అసలు చిక్కు తాడు చివర ఉంది. తాడునూ బరువునూ కలిపే సాధనం, అది ఇనుప కొక్కెమైనా, గొళ్ళెమైనా, చీలైనా, మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. బరువు పడినప్పుడు పట్టు నిలుస్తుందా? తాడు సడలినప్పుడు నిలుస్తుందా? పని ముగిశాక, కోరుకున్న క్షణంలో విడిపోతుందా? మొదటి ప్రశ్నకు ప్రాచీనులే చక్కని జవాబు కనిపెట్టారు. రెండవదానికి ఒక చిన్న స్ప్రింగు చాలింది. మూడవదానికి సరైన జవాబు వెతికే క్రమంలో మాత్రం గత యాభై ఏళ్ళలోనే ఎన్నో ప్రాణాలు పోయాయి.

బరువే పట్టు

చెక్కిన రాతిదిమ్మెను గోడమీదికి ఎత్తి, కింది రాయిమీద అతికినట్టుగా కూర్చోబెట్టాలి. రాయి అడుగునుండి మోకు చుట్టి ఎత్తితే, దించాక ఆ మోకు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుపోతుంది. పక్కలను పట్టుకార్లతో పట్టి ఎత్తితే, పక్కనున్న రాయికి ఆనించి దించడానికి అవి అడ్డు వస్తాయి. ఇక మిగిలింది రాయి పైభాగం. పైనుండి రాయిని పట్టుకునే సాధనానికి ఇంగ్లీషు తాపీపనివారు లూయిస్ అని పేరు పెట్టారు. అయితే సాధనం ఆ పేరుకన్నా చాలా పాతది. దాన్ని దూర్చడానికి తొలిచిన గుంటలు రోమను కాలపు కట్టడాల రాళ్ళలో నేటికీ కనబడతాయి. క్రీస్తుశకం మొదటి శతాబ్దానికి చెందిన అలెగ్జాండ్రియా హీరో రాసిన యంత్రశాస్త్ర గ్రంథంలో ఇటువంటి సాధనాల వర్ణన ఉంది. ఆ గ్రంథం అరబ్బీ అనువాదం ద్వారా మనదాకా వచ్చింది.

దీని అమరిక ఎంతో సులువైనది. రాయి పైభాగాన, నోటి దగ్గర ఇరుకుగానూ అడుగున వెడల్పుగానూ ఉండే గుంట తొలుస్తారు. అందులో మూడు ఇనుప ముక్కలు దిగుతాయి. అంచులవి రెండూ అడుగున లావుగా, పైన సన్నగా, గుంట గోడల వాలుకు సరిపడేట్టు ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా దింపి చెరో పక్కకు జరుపుతారు. మధ్యలో మిగిలిన సందులోకి తిన్నని మూడో ముక్కను దూరుస్తారు. మూడింటి తలలకూ ఉన్న రంధ్రాలగుండా ఒక చీల వేసి, దానికి కడియం తగిలిస్తారు. ఇక తాడును ఎంత పైకి లాగితే అంచు ముక్కలు గుంట గోడలను అంత గట్టిగా ఒత్తుతాయి. రాయి పగిలితే తప్ప పట్టు వదలదు. అదే సాధనాన్ని రాయి కుదురుకున్నాక బయటికి తీయడం పిల్లలాట. చీల లాగి, నడిమి ముక్క తీసేస్తే, మిగిలిన రెండూ వదులై వాటంతట అవే బయటికి వస్తాయి.

ప్రకృతిలోనూ ఇటువంటి ఏర్పాటు లేకపోలేదు. చింతకొమ్మకు తలకిందులుగా వేలాడే గబ్బిలం నిద్రలోనూ కింద పడదు. దాని కాలివేళ్ళను ముడిచే స్నాయుబంధనంమీద సన్నని బొడిపెలూ, దాన్ని కప్పిన తొడుగు లోపలివైపు మడతలూ ఉంటాయి. శరీరపు బరువుకు ఆ రెండూ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని గొళ్ళెం పడ్డట్టు బిగుసుకుంటాయి. వేలాడడానికి కండరం శ్రమపడనక్కరలేదు. పట్టు విడవడానికే దానికి కాస్త పని పడుతుంది.

రెండువేల ఏళ్ళ తరవాత, మునిగిన జలాంతర్గామిని పైకి తెచ్చిందీ ఈ సూత్రమే. 2000 ఆగస్టు 12న రష్యా జలాంతర్గామి కుర్‌స్క్ 118 మందితో బారెంట్స్ సముద్రంలో మునిగిపోయింది. సుమారు 108 మీటర్ల లోతున పడివున్న ఆ వేల టన్నుల ఉక్కుకు తాళ్ళు తగిలించడమెలా? మామూట్, స్మిట్ అనే డచ్చి సంస్థలు ఆ పని చేపట్టాయి. గజ ఈతగాళ్ళు కిందికి దిగి దాని పైభాగాన 26 రంధ్రాలు కోశారు. ఒక్కొక్క రంధ్రంలోకి ముడుచుకున్న స్థితిలో ఒక ఉక్కు బిరడాను దింపి, లోపల దాని చేతులు విచ్చుకునేట్టు చేశారు. రంధ్రంకన్నా వెడల్పుగా విచ్చుకున్న ఆ చేతులు లోపలినుండి కవచానికి ఆనుకుని పట్టు ఇచ్చాయి. గుండె గోడలోని రంధ్రాన్ని మూసేందుకు వైద్యులు సన్నని గొట్టంగుండా పంపి, అవతలికి చేరాక గొడుగులా విప్పే పరికరం పనితీరు కూడా దాదాపు ఇదే. ఒక్కొక్క బిరడాకు 54 ఉక్కుతాళ్ళ కట్ట వేలాడింది. పైన పడవమీద ఆ తాళ్ళను లాగే యంత్రాల్లోనూ, బరువు పెరిగినకొద్దీ తాడును మరింతగా కరిచిపట్టే పళ్ళ బిగింపులే ఉన్నాయి. 2001 అక్టోబరు 8న, ముందే కోసి విడదీసిన ముందుభాగాన్ని అక్కడే వదిలి, కుర్‌స్క్ సముద్రపు అడుగునుండి లేచింది. చనిపోయినవారిలో అత్యధికుల భౌతికకాయాలు చివరకు వారి కుటుంబాలకు చేరాయి.

తాడు సడలినప్పుడు

లూయిస్‌కున్న బలమే దాని బలహీనత కూడా. లాగితేనే పట్టు, లాగడం ఆగితే లేదు. పాతాళగరిగెదీ అదే కథ. క్రేను కొక్కెం కూడా ఆ కుటుంబంలోదే. బరువు వేలాడుతున్నంతసేపూ తాటి ఉచ్చు కొక్కెం అడుగు వంపులో కుదురుగా కూర్చుంటుంది. బరువును నేలమీద ఆనించిన క్షణాన, లేదా మధ్యలో దేనికో తగిలి తాడు వదులైనప్పుడు, ఉచ్చు పైకి జరిగి నోటిగుండా జారిపోగలదు. దీన్ని ఆపడానికే కొక్కెం నోటికి అడ్డంగా స్ప్రింగుతో పనిచేసే చిన్న నాలుక ఉంటుంది. ఉచ్చును లోపలికి రానిస్తుంది, బయటికి పోనివ్వదు.

ఈ నాలుక పని విషయంలో ఒక అపోహ సామాన్యం. అది బరువు మోయడానికి పెట్టింది కాదు. బరువు మోసేది కొక్కెం వంపు ఒక్కటే. నాలుక కాపలా బరువు లేని క్షణాలకు మాత్రమే. బరువు నాలుకమీద పడిందంటే ఉచ్చు సరిగా కూర్చోలేదనే అర్థం. ఇక కొక్కేన్ని పెళుసుగా కాక, సాగే గుణమున్న ఉక్కుతో చేస్తారు. మోయలేని బరువు పడితే విరిగే ముందు దాని నోరు తెరుచుకుంటుంది. ఓవర్‌హెడ్ క్రేన్ల విషయంలో అమెరికా వృత్తిరక్షణ నిబంధనలు ఈ హెచ్చరికకు అంకెలు పెట్టాయి: నోరు మామూలుకన్నా 15 శాతం మించి తెరుచుకున్నా, కొక్కెం 10 డిగ్రీలకు మించి మెలితిరిగినా దాన్ని వాడకూడదు. వంగిన కొక్కేన్ని కాల్చి, సరిచేసి మళ్ళీ వాడబోవడమంటే, అది చెప్పిన మాటను చెరిపేయడమే.

విడివడని కొక్కెం

మూడో ప్రశ్న లైఫ్‌బోటు విషయంలో చావుబతుకుల ప్రశ్నగా మారింది. ఓడ పక్కన లైఫ్‌బోటు రెండు ఉక్కుతాళ్ళకు వేలాడుతుంది. ముందొక కొక్కెం, వెనకొక కొక్కెం. బోటును నీటిమీదికి దించాక ఆ రెండూ ఒకేసారి విడిపోవాలి. ఒకటి విడివడి రెండోది నిలిచిపోతే బోటు ఒక కొసన వేలాడి, అందులోని మనుషులను సముద్రంలోకి ఒంపేస్తుంది. పాత పద్ధతి కొక్కేలు బరువు పూర్తిగా తొలగితేనే తెరుచుకునేవి. ప్రశాంతమైన రేవులో అది మంచి ఏర్పాటు. తుఫానులో కథ వేరు. అల బోటును ఎత్తిన క్షణాన తాడు సడలుతుంది, అల దిగగానే మళ్ళీ బిగుస్తుంది. కొక్కెం విప్పే వ్యవధి చిక్కదు.

1980 మార్చి 27న నార్వేకు చెందిన ఉత్తర సముద్ర చమురు క్షేత్రంలో అలెగ్జాండర్ కీలాండ్ అనే తేలియాడే వసతివేదిక ఒరిగిపోయింది. దాని అడుగు కమ్మీ ఒకదానిలో, అతుకు దగ్గర పుట్టిన బీట కాలక్రమాన పెరిగి, ఆ సాయంత్రం కమ్మీ తెగింది. వేదికమీద 212 మంది ఉన్నారు. ఏడు లైఫ్‌బోట్లలో నాలుగింటిని దించగలిగారు. ఆ నాలుగింటిలో తాళ్ళనుండి విడివడింది ఒక్కటే. తాళ్ళమీద బరువున్నంతసేపూ తెరుచుకోని రక్షణ ఏర్పాటే, మిగిలిన వాటిని మునిగిపోతున్న వేదికకు కట్టిపడేసింది. 123 మంది మరణించారు.

విడివడిన కొక్కెం

బరువు ఉన్నా విడివడే కొక్కేలు తప్పనిసరి అన్న అభిప్రాయం బలపడింది. సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒడంబడికకు 1983లో చేసిన సవరణలు 1986 జులై 1నుండి అమలులోకి వచ్చి, కొత్త ఓడల లైఫ్‌బోట్లకు అటువంటి కొక్కేలను నిర్బంధం చేశాయి. కీలాండ్ పాఠం నేర్చుకున్నట్టే. అయితే ప్రమాదం తొలగలేదు, చోటు మారింది.

కొత్త కొక్కేల్లో చాలావాటి నిర్మాణం ఇది. కొక్కెం తోక ఒక గుండ్రని ఇరుసుకు ఆనుకుని ఉంటుంది. ఆ ఇరుసులో ఒక పక్క సగం దాకా చెక్కి ఉంటుంది. చుక్కాని దగ్గరున్న మీట లాగితే కేబులు ద్వారా ఇరుసు తిరిగి, చెక్కిన పక్క తోకకు ఎదురుగా వస్తుంది. అడ్డు తొలగగానే కొక్కెం తెరుచుకుంటుంది. లోపం కొన్ని నమూనాల జ్యామితిలో ఉంది. వాటిలో వేలాడే బోటు బరువే ఇరుసును తెరుచుకునే దిశగా తిప్పాలని చూస్తూ ఉంటుంది. దాన్ని ఆపుతున్నది కాస్త రాపిడీ, ఒక కేబులూ మాత్రమే. కేబులు తుప్పుపట్టినా, ఇరుసు అరిగినా, కొక్కేన్ని మూసినప్పుడు ఇరుసు తన స్థానానికి పూర్తిగా రాకపోయినా, మీట ఎవరూ ముట్టకుండానే అది తెరుచుకోగలదు. లూయిస్‌లో బరువు పట్టును పెంచింది. ఇక్కడ బరువే పట్టును సడలిస్తున్నది.

ఓడ వదలి వెళ్ళే సాధన నావికులకు నెలనెలా తప్పనిసరి. మూడు నెలలకొకసారి బోటును నీటిలోకి దించి నడపాలి. బతకడం నేర్చుకునే ఆ సాధనల్లోనే బోట్లు రాలిపడసాగాయి. బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు విభాగం 2001లో వెలువరించిన అధ్యయనం, తన దృష్టికి వచ్చిన ప్రమాదాలను పదేళ్ళ కాలానికి లెక్కవేసింది. లైఫ్‌బోట్లూ, వాటిని దించే ఏర్పాట్లూ 12 మంది వృత్తి నావికుల ప్రాణాలు తీశాయి. 87 మంది గాయపడ్డారు. వారు అనుభవం లేనివారు కారు. ప్రమాదాలు జరిగినవి తుఫానుల్లోనూ కాదు, సాధనల్లోనూ పరీక్షల్లోనూ. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుండి వాణిజ్య నౌకలమీద కొలువుకు వెళ్ళేవారు ఎక్కి కూర్చోవలసినవీ ఈ బోట్లే. పరికరంమీద నమ్మకం పోతే నావికుడు సాధన తప్పించుకోజూస్తాడు. సాధన లేనివాడు ఆపదలో మీట ఏదో తెలియక తడబడతాడు. ప్రాణనష్టంలో లెక్కకు రాని భాగం అది.

రెండింటి మధ్య

సమాధానం రెండు మెట్లలో వచ్చింది. మొదటిది తాత్కాలికం. కొక్కేనికీ తాటికీ మధ్య ఒక అదనపు పట్టీనిగానీ, కొక్కేనికి అడ్డంగా ఒక చీలనుగానీ సాధన సమయంలో పెట్టాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2009లో సూచించింది. కొక్కెం తనంత తాను తెరుచుకున్నా బోటు రాలకుండా అది ఆపుతుంది. మనుషులు ఎక్కకుండానే బోటును దించి చూసే వీలునూ నిబంధనలు కల్పించాయి.

రెండవది శాశ్వతం. 2013 జనవరి 1నుండి అమలులోకి వచ్చిన సవరణ పాత కొక్కేలన్నిటినీ పరీక్షించమంది. కొత్త ప్రమాణాలకు నిలవనివాటిని 2014 జులై 1 తరవాత వచ్చే మొదటి డ్రైడాకు మరమ్మతులో, ఎట్టి పరిస్థితిలోనూ 2019 జులై 1 దాటకుండా, మార్చమంది. కొత్త కొక్కెం ప్రాచీన సూత్రానికి తిరిగివచ్చింది: బోటు బరువు దాన్ని మూసే దిశగానే పనిచేయాలి తప్ప తెరిచే దిశగా కాదు. బోటు నీటికి చేరిందో లేదో దాని అడుగున నీటి ఒత్తిడిని గ్రహించే పరికరం చెబుతుంది. గాలిలో ఉన్నంతసేపూ మీట కదలదు. అలలమధ్య బరువుమీదనే విడివడక తప్పని స్థితి వస్తే, ఆ అడ్డును తొలగించుకునే మార్గమూ ఉంది. అయితే అది పొరపాటున చేయి తగిలితే జరిగేది కాదు. తెలిసి, వరుసగా, పట్టి చేయవలసిన పని. కీలాండ్ అడిగినదీ దక్కింది, సాధనల్లో పోయినవారు అడిగినదీ దక్కింది.

అయినా పని పూర్తిగా యంత్రానికి అప్పగించినట్టు కాదు. సాధనకోసం పెట్టిన అదనపు పట్టీని నిజమైన ఆపదలో విప్పడం మరిచిపోతే, మళ్ళీ కీలాండ్ ముందే నిలుచున్నట్టు. సాధన ముగించి బోటును తిరిగి ఎత్తేటప్పుడు మరో గండం ఉంది. కొక్కెం పైకి మూసుకున్నట్టే కనబడుతూ, లోపల ఇరుసు పూర్తిగా తిరిగి ఉండకపోవచ్చు. అందుకే అనుభవజ్ఞులు బోటును నీటిమీంచి జానెడెత్తు మాత్రం లేపి ఆపుతారు. ముందువైపు కొక్కెం దగ్గరికి ఒకరు, వెనకవైపు దాని దగ్గరికి ఒకరు వెళ్ళి, ఇరుసుమీది గుర్తు దాని ఎదుటి గుర్తుతో కలిసిందో లేదో కళ్ళారా చూస్తారు. నూతిలోకి పాతాళగరిగె వదిలినవారికి ఆ వీలు లేదు; చేతిలోని తాటి బరువే వారికి ఆధారం. ఇక్కడ చూసే వీలుంది. రెండు కొక్కేల దగ్గరినుండీ సరేననే మాట వినబడ్డాకనే బోటు పైకి కదులుతుంది.