ఎరువు బస్తాకూ ఇన్సులిన్ సీసాకూ మధ్య కౌలు రైతు

కాలువలకు నీళ్లొచ్చాయంటే కంకిపాడు చుట్టుపక్కల ఊళ్లకు ఊపిరి ఆడదు. ఈడుపుగల్లు, పునాదిపాడు, కోలవెన్ను, దావులూరు, ఎక్కడ చూసినా దమ్ములు, నాట్లు. ఆ రోజుల్లో కంకిపాడు సెంటరులో రైతుకు రెండు కొట్లతో పని పడుతుంది. ఒకటి ఎరువుల కొట్టు, రెండోది మందుల షాపు. మొదటిదాన్లో జేబు ఖాళీ అయ్యాక రెండోదాని మెట్లెక్కే రైతు తక్కువ.

నాలుగెకరాలు కౌలుకు చేసే ఒక రైతు కాలికి కట్టుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వయసు యాభై దాటింది. షుగరు జబ్బు వచ్చి పదేళ్లయింది. బిళ్లలు చాలక రెండేళ్లుగా ఇన్సులిన్ సూది వేసుకుంటున్నాడు. "నాట్లయ్యేదాకా సూది ఆపానండీ. కూలీలకు ఇవ్వాలి, ఎరువు తేవాలి. పంట చేతికొచ్చాక మళ్లీ మొదలెడదాంలే అనుకున్నా" అన్నాడు. బురదలో గాజుపెంకు గుచ్చుకుంటే తెలియనే లేదట. "నొప్పి పుడితే గదండీ చూసుకునేది! ఇంటికొచ్చాక నా భార్య నెత్తురు చూసి చెప్పింది." ఆ గాయమే పుండయింది. వేలు తీసేయాల్సి వస్తుందేమోనని ఇప్పుడు భయపడుతున్నాడు.

ఈయన లెక్క చూడండి. సాధారణ హ్యూమన్ ఇన్సులిన్ పది మిల్లీలీటర్ల సీసా ధర నూట యాభై రూపాయల సుమారు. అందులో ఉండేది 400 యూనిట్లు. రోజుకు ముప్పయి యూనిట్లు వేసుకునేవాడికి పదమూడు రోజులు వస్తుంది. అంటే నెలకు రెండు సీసాల పైమాట. 45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. రెండు సీసాలు మానుకుంటే ఒక బస్తా చేతికొస్తుంది. పంటను బతికించుకోవడానికి రైతు తన ఒంటిని తాకట్టు పెడుతున్నాడన్నమాట. వడ్డీ వ్యాపారి తాకట్టును విడిపించుకోవచ్చు. తీసేసిన కాలు తిరిగి రాదు.

పట్నం జబ్బు కాదు

"షుగరు కుర్చీలో కూర్చునేవాళ్ల జబ్బు, మట్టిపని చేసేవాడికి రాదు" అనే మాట పల్లెల్లో ఇంకా వినబడుతోంది. అది నిజం కాదు. గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షించగా, నూటికి పదమూడుమందికి పైగా ఈ వ్యాధి ఉన్నట్టు తేలింది. ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. వారిలో సగంమందికి తమకు జబ్బుందన్న సంగతే తెలియదు. భారత వైద్య పరిశోధనా మండలి 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహ రోగులున్నారు. గోదావరి డెల్టాకూ కృష్ణా డెల్టాకూ తిండిలో, పనిలో పెద్ద తేడా లేదు. దమ్ము ట్రాక్టరు చేస్తోంది, కోత మిషను కోస్తోంది. ఒంటికి శ్రమ తగ్గినా పాలిష్ పట్టిన తెల్లన్నం మాత్రం మూడు పూటలా తగ్గలేదు.

సూదికి భయమెందుకు?

"ఇన్సులిన్ ఎక్కించారంటే ఇక ఆఖరి దశే" అని చాలామంది భయపడతారు. ఇది కూడా తప్పే. ఇన్సులిన్ అనేది మన కడుపులోని క్లోమగ్రంథి తయారుచేసే రసమే. తిన్న తిండి నుంచి రక్తంలో చేరిన చక్కెర కండరాల్లోకి వెళ్లాలంటే అది కావాలి. చిన్నపిల్లలకు వచ్చే రకంలో ఈ రసం దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. ఆ పిల్లలకు మొదటి రోజు నుంచే సూది తప్పదు. మానేస్తే రోజుల్లోనే ప్రాణం పోతుంది. పెద్దలకు వచ్చే రకంలో రసం ఊరుతుంది గాని చాలదు, ఊరింది సరిగా పనిచేయదు. అందుకే ముందు బిళ్లలతో మొదలుపెడతారు, అవి చాలనప్పుడు ఇన్సులిన్ కలుపుతారు.

బిళ్లల్లో మొదట ఇచ్చేది సాధారణంగా మెట్‌ఫార్మిన్. చవకైనది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి మాత్రం పనికిరాదు, అందుకే రక్తపరీక్ష అవసరం. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి క్లోమాన్ని పిండి రసం ఊరిస్తాయి. కూలీ జనం జాగ్రత్త పడవలసింది ఇక్కడే. తెల్లవారుజామున బిళ్ల మింగి, ఏమీ తినకుండా నాటుకు వెళితే చక్కెర పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. వెంటనే చక్కెరో బెల్లమో తినిపించాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి చేర్చాలి. ఇన్సులిన్ వేసుకునేవారికీ ఇదే ప్రమాదం. పొలం వెళ్లేటప్పుడు కొంగున బెల్లం ముక్క కట్టుకోవడం మంచిది.

సిరంజి సంగతి కూడా తెలుసుకోవాలి. సీసాలో వచ్చే ఇన్సులిన్ మన దగ్గర ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి. వంద యూనిట్ల ఇన్సులిన్‌కు నారింజరంగు మూత సిరంజి. అవి తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. కొట్టువాడు ఏది ఇస్తే అది తెచ్చుకోకుండా సీసా మీద అంకె చూపించి అడగాలి.

ఇక నిల్వ. కొత్త సీసాను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న ముంత పెట్టి, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో ఉంచి, నీడలో పెట్టాలి. తెరిచిన సీసాను నాలుగు వారాల్లో వాడెయ్యాలి.

ఒక్క డాలరు పేటెంటు

ఇన్సులిన్‌ను 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కనుగొన్నారు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి వేశారు. కనుగొన్నవారు పేటెంటును టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకు ఇచ్చేశారు. ఆ తర్వాత ప్రపంచ మార్కెట్టును గుప్పెడు కంపెనీలే పంచుకున్నాయి. మన దేశంలో 1970 పేటెంటు చట్టం మందు మీద గాక తయారీ పద్ధతి మీద మాత్రమే హక్కు ఇచ్చింది. దాని వల్లనే చవక మందులు పుట్టాయి. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ ఐ.డి.పి.ఎల్. ఎందరో కెమిస్టులకు బడిలా ఉపయోగపడింది. 2005లో మందు మీదే పేటెంటు తిరిగొచ్చింది. దాని బరువెంతో ఈమధ్యనే చూశాం. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే బిళ్ల అరవై రూపాయల దాకా ఉండేది. 2025 మార్చిలో పేటెంటు ముగియగానే పది రూపాయల లోపుకు కూడా దొరికింది. బిళ్ల అదే, అందులోని మందూ అదే. అంతకు ముందు రోగి చెల్లించిన తేడా ఎవరి జేబులోకి వెళ్లినట్టు?

ఏం జరగాలి?

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి ఉద్దేశించినది. కాలు తీసేందుకు ఆదుకునే పథకం కంటే ఆ కాలు నిలిపే సీసా ముందు అందాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బిళ్లలు, ఇన్సులిన్, సిరంజిలు ఏడాది పొడవునా ఉండాలి. ముఖ్యంగా నాట్లు మొదలయ్యే ముందే రెండు నెలల మందు ఒకేసారి చేతికివ్వాలి. రైతు చేతిలో డబ్బు ఆడనిది ఆ రోజుల్లోనే. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష, పాదాల పరీక్ష ఊళ్లోనే జరగాలి.

రైతులూ తమవంతు చేయాలి. పసరు మందు నమ్మి సూది మానొద్దు. రోజూ రాత్రి కాళ్లు కడుక్కుని, దీపం వెలుగులో వేళ్ల సందులు చూసుకోవాలి. మందు ఖర్చును పెట్టుబడి లెక్కలో ఎరువు పక్కనే రాసుకోవాలి.

లేచి వస్తుంటే అరుగు మీది రైతు అడిగాడు: "ఈ పుండు మానితే కోతలకు దిగొచ్చంటారా?" పక్కనే నిలబడ్డ భార్య జవాబు చెప్పింది: "ముందు సూది వేసుకో. కోతల సంగతి నేను చూస్తాలే."