తిప్పకుండానే బండి ఎందుకు ఉరుకుతుంది?

 బాగా తడిసిన ఎలక్ట్రిక్ బండి ఒక్కోసారి తనంతట తానే ముందుకు దూకుతుంది. దయ్యం పట్టిందా? కాదర్రా!

హ్యాండిల్ పిడిలో ఒక అయస్కాంతం, దాన్ని పసిగట్టే సెన్సార్ ఉంటాయి. పిడి వదిలేస్తే సెన్సార్ సుమారు 0.8 వోల్టులు పంపుతుంది, పూర్తిగా తిప్పితే 4 దాకా. పిడి ఎంత తిప్పారో మోటారును నడిపే కంట్రోలర్‌కి చెప్పేది ఆ అంకె ఒక్కటే. ఉప్పు డబ్బా మీద ‘చక్కెర’ అని రాసుంటే, చుట్టం టీలో ఉప్పే వేస్తాడు కదా! సెన్సార్ గ్రౌండ్ తీగ తెగినా, కనెక్టర్‌లో నీళ్లు చేరినా అంకె పెరిగిపోవచ్చు. పాపం కంట్రోలర్ నమ్మేస్తుంది.

అప్పుడు బ్రేకు పట్టి, తాళం తిప్పి బండి ఆపేయాలి. తర్వాత మెకానిక్ చక్రాన్ని పైకి లేపి, పిడి కనెక్టర్ ఊడదీసి, మళ్లీ తాళం తిప్పి చూస్తాడు. చక్రం కదలకపోతే తప్పు పిడి వైపే.

చాలా బండ్లలో బ్రేకు పట్టగానే మోటారును ఆపే స్విచ్ ఉంటుంది. మీ బండిలో ఉందేమో ఇంట్లో అడగండి.