వడ్డించే చేతికీ సహరీ కావాలి

రంజాన్ నెలలో తెల్లవారుజామున అందరికన్నా ముందు లేచేది ఇల్లాలే. పిల్లలకూ పెద్దలకూ వడ్డించేసరికి ఫజర్ అజాన్ వినిపిస్తుంది. ఆవిడ సహరీ మాత్రం ఓ కప్పు టీతో సరి! నేనూ ఒక ఏడాది అలాగే చేసి, మధ్యాహ్నం వంటింట్లోనే కళ్లు తిరిగి కూలబడ్డాను.

మీరలా చేయకండి. అందరితోపాటే మీ పళ్లెమూ పెట్టుకోండి. కిచిడీ, గోధుమ రొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు నిదానంగా అరిగి ఎక్కువసేపు సత్తువనిస్తాయి. ఊరగాయ, అప్పడం దాహం పెంచుతాయి, ఆ పూటకి వద్దు.

ఇఫ్తార్‌కు మొదట ఖర్జూరాలు, నీళ్లు. ఖర్జూరంలోని తీపి త్వరగా ఒంటబడుతుంది. నమాజయ్యాక భోంచేయండి. హలీం ఉన్ననాడు మళ్లీ మిర్చి బజ్జీలెందుకు చెప్పండి? నీళ్లు ఒక్కసారే కాక, పడుకునేదాకా గ్లాసు గ్లాసుగా తాగండి.

చక్కెర జబ్బుకు మందులు వాడేవారు నెల మొదలవకముందే డాక్టరునడగాలి. జబ్బుపడినవారికీ, రోజా వల్ల హాని కలిగేట్టుంటే గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ ఇప్పుడు ఆగే వెసులుబాటు మతంలోనే ఉంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

వడ్డించే చేతిలో సత్తువుంటేనే కదండీ, పండగనాడు షీర్ ఖుర్మా కుదిరేది!