గాలి బాగుపడాలంటే బస్సు రావాలి

హైదరాబాద్‌లో ట్రాఫిక్ స్తంభించిన ప్రతిసారీ వినిపించే డిమాండు ఫ్లైఓవర్. బండ్లు ఆగకుండా సాగితే పొగ తగ్గుతుందన్న మాటలో నిజం లేకపోలేదు. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజన్ కాల్చే ఇంధనమంతా వృథాయే. కానీ ఆ లాభం ఎక్కువకాలం నిలవదు. దారి సులువయ్యేసరికి బస్సెక్కేవాళ్లు బండి తీస్తారు, ఊరికి దూరంగా ఇళ్లు కొంటారు, రోడ్డు మళ్లీ నిండుతుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేని 2008 నాటికి కొన్నిచోట్ల 20కి పైగా లేన్లకు వెడల్పు చేశారు. కొన్నేళ్లకే రద్దీ తిరిగొచ్చింది. నగరం గాలిని నిర్ణయించేది రోడ్ల వెడల్పు కంటే వాటిమీద తిరిగే సొంత వాహనాల సంఖ్యే.

మరి ఇంధనం మారిస్తే చాలదా? సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన ఆదేశంతో 2002 చివరికల్లా ఢిల్లీ సిటీ బస్సులు సీఎన్‌జీకి మారాయి. గాలి కొంత తేరుకుంది. ఆ తర్వాత కార్లు, బైకులు పెరుగుతూ పోవడంతో దక్కిన మేలులో చాలాభాగం కరిగిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు వచ్చి కొత్త బండి వదిలే పొగను తగ్గించాయి. ఎలక్ట్రిక్ బండికైతే పొగగొట్టమే లేదు. రోజంతా తిరిగే ఆటోలు, బస్సులు ముందుగా అటు మారడం చాలా అవసరం. అయినా టైర్లు, బ్రేకులు అరిగి రాలే సూక్ష్మధూళి, చక్రాల కింద లేచే దుమ్ము ఎలక్ట్రిక్ కారుతోనూ ఉంటాయి. దాన్ని నడిపే కరెంటులో అధికభాగం మన దేశంలో ఇంకా బొగ్గు నుంచే వస్తోంది. అలాంటి సూక్ష్మధూళిలో ఊపిరితిత్తుల లోతుకు చేరే పీఎం 2.5 కణాలకు మన వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 5 మాత్రమే.

బస్సు వేళకు రాదు, బైకు లేకపోతే ఉద్యోగం సాగదు అన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే బండి నడిపేవారిని నిందించి లాభం లేదు, ముందు బస్సు రావాలి. 2023 డిసెంబరులో తెలంగాణలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలవగానే బస్సులు కిక్కిరిసిపోయాయి. ఎక్కేవారికి కొదవలేదు, కొరతంతా బస్సులదే. బస్సులకు ప్రత్యేక లేన్లు, మెట్రో స్టేషన్ దాకా నడవగలిగే ఫుట్‌పాత్‌లు ఏర్పడ్డాకే కార్లపై రుసుము గురించి మాట్లాడటం ధర్మం. స్టాక్‌హోమ్ 2006లో ప్రయోగాత్మకంగా అలాంటి రుసుము పెట్టింది, బస్సులూ పెంచింది. నగర కేంద్రంలోకి వచ్చే వాహనాలు దాదాపు ఐదో వంతు తగ్గాయి. మొదట వ్యతిరేకించిన ప్రజలే ఫలితం చూశాక మెజారిటీతో ఒప్పుకున్నారు. మన పాలకులు కూడా ఫ్లైఓవర్ల కంటే ముందు బస్సులకు డబ్బు కేటాయించాలి. కారు లేనివారు కూడా పీల్చేది ఈ గాలినే.