దూలగొండి గింజయు ఔషధపరీక్షయు

నాకు ఓనమాలు దిద్దించిన వృద్ధోపాధ్యాయులవారి జాబు ఇటీవల వచ్చినది. ముత్యములవంటి వారి అక్షరములు చీమలబారువలె చిన్నవైనవి. వారికి కంపవాతము. “దూలగొండి గింజల పొడి తినుమని యొకరు చెప్పిరి. తినవచ్చునా?” అని వ్రాసిరి. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమే ఈ వ్యాసము.

ఈ వ్యాధిలో చేయి వణకును; అవయవములు బిగిసికొనును; నడక మందగించును. 1817లో జేమ్సు పార్కిన్సను అను ఆంగ్లవైద్యుడు దీనిని వర్ణించెను. ఈ రోగుల మెదడులో డోపమీను అను ద్రవ్యము మిక్కిలి తగ్గియుండునని 1960లో వియన్నా నగరమున ఎహ్రింగరు, హార్నికీవిచ్చు అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. డోపమీను రక్తమునుండి మెదడులోనికి ప్రవేశింపజాలదు. లెవోడోపా ప్రవేశించి, అచ్చట డోపమీనుగా మారును. 1961లో ఆ నగరముననే దానిని రక్తనాళములలోనికి ఎక్కింపగా, మంచము పట్టిన రోగులు కొందరు లేచి నడచిరి. ఆ లెవోడోపాయే మన కంచెలపై ప్రాకు దూలగొండి గింజలలోను కలదు.

అట్లయిన వెంటనే తినరాదా? బాలబాలికలారా, ఇచ్చటనే జాగ్రత్త వలయును. నయమగునను ఆశయే దేహమును మార్చగలదు. మందని తలచి ఉప్పునీటి సూదిని పొందిన కంపవాతరోగుల మెదడులో సయితము డోపమీను వెలువడుటను 2001లో కెనడా శాస్త్రజ్ఞులు చూపిరి. కావున ఎవరికి ఏ మందు, ఏ దినమున ఇచ్చిరో రోగికిగాని, పరీక్షించు వైద్యునికిగాని తెలియనీయక పోల్చి చూడవలెను. రోగి సమస్తము విని, స్వేచ్ఛగా సమ్మతింపవలెను. ఇష్టము లేనిచో ఎప్పుడైనను మానుకొనవచ్చును.

2004లో ప్రకటింపబడిన లండను పరీక్షలో ఎనమండుగురు రోగులు వేర్వేరు దినములలో గింజల పొడిని, వాడుకలోని లెవోడోపా మాత్రను పుచ్చుకొనిరి. 30 గ్రాముల పొడి మాత్రకంటె శీఘ్రముగా పనిచేసి, హెచ్చుసేపు నిలిచెను. కాని యెనమండుగురు చాలరు. ఒక్కొక్క మోతాదు దీర్ఘకాలపు క్షేమమును తెలుపదు. గింజగింజకు లెవోడోపా పాలు మారును. మితిమీరిన వాంతులు, భ్రాంతి, అదుపులేని కదలికలు కలుగవచ్చును. పైగా లెవోడోపా లక్షణములను తగ్గించునే గాని వ్యాధిని నిర్మూలింపదు.

నేను గురువుగారికిట్లు వ్రాసితిని: “అయ్యవారూ, గింజలో గుణమున్న మాట నిజము. మీ వైద్యునడుగక మాత్రము పుచ్చుకొనవలదు. మనకు ఈమాత్రమైనను తెలిసినది, తమ దేహములను పరీక్షకు ఒప్పగించిన రోగుల దయవలననే.”