ముందు ఊక, తర్వాతే మందు

గుడియాత్తంలో నాది కోళ్ల దాణా, మందుల అంగడి. ఇటు పేర్ణాంబట్టు, అటు వేలూరు, ఘాటు పైనుంచి పలమనేరు వాళ్లూ వస్తారు. కార్తీక వానలు పట్టుకుంటే అందరిదీ ఒకటే మాట: "అన్నా, పిల్లలు రక్తం పారతా ఉండాయి. మందియ్యి."

"నీళ్ల డబ్బా కింద ఊక ఎట్లుండాది?" అని అడుగుతాను. మందు కోసం వచ్చినవాళ్లకు ఈ ప్రశ్న నచ్చదు.

ఇట్లా రక్తం పారించే కాక్సిడియోసిస్ జబ్బును తెచ్చేది ఐమీరియా అనే ఏకకణ జీవి. కోళ్లలో దీని రకాలు ఏడు. టెనెల్లా రకం సోకి చచ్చిన పిల్లను కోస్తే, పేగు చివర జంటగా ఉండే గుడ్డిపేగులు ఉబ్బి, నల్లెరుపు నెత్తురుతో నిండి కనిపిస్తాయి. మూడు నుంచి ఆరు వారాల పిల్లలకే ముప్పు ఎక్కువ.

రెట్టలో పడిన ఊసిస్టు, అంటే ఈ జీవి గుడ్డులాంటి రూపం, వెంటనే సోకదు. తడి, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో పక్వమవుతుంది. దాన్ని పిల్ల ఏరుకుని మింగితే, వారం తిరిగేసరికి వేలకు వేలై మళ్లీ ఊకలోకి వస్తుంది. మామూలు ఫినాయిలుకు దాని పెంకు లొంగదు.

అట్లని ఒక్క ఊసిస్టూ లేకుండా చేయాల్సిన పనీ లేదు. కొద్దికొద్దిగా మింగిన పిల్లకు రోగనిరోధక శక్తి వస్తుంది. 1952లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఈ జబ్బు మొదటి టీకా ఈ సూత్రం మీదే పనిచేసింది. ఒక్కసారిగా ఎక్కువ మింగితేనే పిల్ల పడిపోతుంది. ఆ ఎక్కువ తక్కువలను తేల్చేది ఊకలోని తడే.

పిడికెడు ఊక తీసి గట్టిగా నొక్కండి. చెయ్యి తెరిచాక ముద్దగా నిలిస్తే తడి ఎక్కువైనట్టు. వేలూరు ఎండల్లోనూ డబ్బా వంగి కారితే దాని చుట్టూ ఇదే కథ. ఆ ముద్దలు ఎత్తి పారేసి పొడి ఊక పోయండి. డబ్బాను పిల్లల వీపు ఎత్తుకు లేపండి. పక్క పరదాలు తీసి గాలి ఆడనివ్వండి.

ఇక మందు. జబ్బు పిల్ల మేత మానేసినా నీళ్లు తాగుతుంది, అందుకే నీళ్లలో కలుపుతాం. జబ్బు ముదిరితే 20 శాతం ఆంప్రోలియం పొడి లీటరుకు 1.2 గ్రాములు, 3 నుంచి 5 రోజులు, తర్వాత 0.3 గ్రాములు, ఒకటి రెండు వారాలు. డాక్టరు వేరే మోతాదు చెప్తే అదే పాటించండి. ఆ రోజుల్లో వేరే నీళ్లు పెట్టకండి.

చాలామంది దానితోపాటు బి-కాంప్లెక్స్ సీసా కూడా అడుగుతారు. ఆంప్రోలియం ఆ జీవికి బి1 విటమిన్ అందకుండా చేసి దెబ్బతీస్తుంది. ఆ సీసాతో మనమే బి1 పోస్తే మందు వృథా. "టీకా వేయించినాం గదా" అంటారు ఇంకొందరు. వేయించింది కొక్కెర తెగులుకు. దానికీ దీనికీ సంబంధం లేదు.

రక్తం కనబడిన ప్రతిసారీ ఇదే జబ్బని కూడా అనుకోవద్దు. అప్పుడే చచ్చిన పిల్లను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి కోయించండి. జబ్బు ఖాయమైతే మందు నేనిస్తాను. తడి ఊక మార్చకపోతే మాత్రం, కోర్సు అయిన పక్షానికి మీరు మళ్లీ నా అంగడికే రావాల్సి ఉంటుంది.